ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఒక ‘సి’: అమెరికా పెద్ద కాలేజీలు దాన్ని ఎలా చదువుతాయి

ఏటా మార్చి నెలాఖరు వచ్చిందంటే అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఒకటే చర్చ. ఫలానావాళ్ల అమ్మాయికి నాలుగేళ్లలో ఒక్క బి గ్రేడు కూడా లేదు, అయినా బర్కిలీలో సీటు రాలేదు. పక్కవీధి అబ్బాయికి తొమ్మిదో తరగతిలో రెండు సిలు పడ్డాయి, వాడికి వచ్చింది. ఇదెక్కడి న్యాయం?

న్యాయం సంగతి తర్వాత చూద్దాం. ముందు లెక్క అర్థం కావాలి. మనలో చాలామంది ర్యాంకు చూసుకుని పెరిగినవాళ్లం. ఎంసెట్‌లో అదే కేటగిరీలో 900 ర్యాంకు వాడు సీటు ఎంచుకున్నాకే 901 వాడి వంతు. కౌన్సెలింగ్‌లో ఎవరూ “ఫిజిక్స్‌లో ఎందుకు తగ్గాయి బాబూ” అని అడగరు. అమెరికాలో బాగా పేరున్న కాలేజీలు చాలావరకు అలాంటి వరస పెట్టుకోవు. అక్కడ ఎవరో ఒకరు కూర్చుని మార్కుల పట్టిక (ట్రాన్స్‌క్రిప్ట్) మొత్తం చదువుతారు. చదివేటప్పుడు వాళ్లు ఏమేం వెతుకుతారో తెలిస్తే, ఆ సి ఎంత ప్రమాదమో మనమూ కొంత అంచనా వేసుకోవచ్చు.

ముందుగా అటువైపు సంగతి. అన్నీ ఎ గ్రేడులే ఉన్నవాళ్లకి ఎందుకు రాదు? దీనికి సమాధానం హార్వర్డ్ మీద 2014లో పడిన కేసులో దొరికింది. ఆసియన్ అమెరికన్ విద్యార్థులకి అన్యాయం జరుగుతోందంటూ వేసిన ఆ కేసు 2018లో బోస్టన్ కోర్టులో విచారణకి వచ్చింది. అప్పటిదాకా గుట్టుగా ఉన్న లోపలి కాగితాలు బయటపడ్డాయి. 2015లో చేరిన బ్యాచ్ సంగతి చూడండి. అమెరికాలోపలి నుంచే దాదాపు 26 వేలమంది అప్లై చేశారు. వాళ్లలో హైస్కూల్ జీపీఏ (గ్రేడుల సగటు, 4కి లెక్క) పూర్తిగా ఉన్నవాళ్లే 8 వేలకి పైన. శాట్ అనే ప్రవేశ పరీక్ష గణితంలో ఒక్క మార్కూ పోనివాళ్లు 3 వేలకి పైన. ప్రవేశం దక్కింది 2 వేలమంది లోపు. అంటే అన్నీ ఎ తెచ్చుకున్నవాళ్లతోనే ఆ కాలేజీని నాలుగుసార్లు నింపొచ్చు. పూర్తి మార్కులు ప్లాట్‌ఫాం టికెట్ లాంటివి. స్టేషన్లోకి రానిస్తాయి, బెర్తు ఇవ్వవు.

అదే విచారణలో ఇంకోటి కూడా తెలిసింది. హార్వర్డ్ ప్రతి అభ్యర్థికీ చదువు, చదువుకి బయటి పనులు, ఆటలు, వ్యక్తిత్వం అని విడివిడిగా 1 నుంచి 6 వరకు రేటింగ్ ఇస్తుంది. 1 అంటే అన్నిటికన్నా గొప్ప. చదువులో 2 రావాలంటే చాలా గొప్ప గ్రేడులు, చాలా ఎక్కువ శాట్ స్కోరు ఉంటే సరిపోతుంది. 1 మాత్రం పరిశోధన స్థాయిలో ఏదైనా చేసినవాళ్లకే, అదీ చాలా కొద్దిమందికి. కాబట్టి 2లో పడ్డాక 3.98కీ 3.92కీ మధ్య తేడా పెద్దగా పనిచేయదు. ఒక బి గ్రేడు వల్ల ఇంట్లో నెలరోజులు మాటలు మానేసే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

అయితే 3.98కీ 3.5కీ తేడా ఉండదా అంటే, ఉంటుంది. ఇక్కడే అసలు విషయం మొదలవుతుంది.

ట్రాన్స్‌క్రిప్ట్ ఒంటరిగా వెళ్లదు. దాంతోపాటు హైస్కూల్ వాళ్లు స్కూల్ ప్రొఫైల్ అనే రెండు పేజీల కాగితం పంపుతారు. ఆ స్కూల్లో ఎన్ని ఏపీ క్లాసులు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి పాఠాలు) ఉన్నాయి, గ్రేడులు ఎలా ఇస్తారు, ఎంతమంది పిల్లలు నాలుగేళ్ల కాలేజీలకి వెళ్తారు అన్నీ అందులో ఉంటాయి. చాలా యూనివర్సిటీల్లో అడ్మిషన్ ఆఫీసర్లకి ప్రాంతాలు పంచిపెడతారు. క్యూపర్టినో, ఫ్రీమాంట్ చూసే ఆఫీసర్ ఏటా అవే స్కూళ్ల పిల్లల ఫైళ్లు చదువుతుంటారు. ఆ స్కూల్లో ఏపీ కెమిస్ట్రీ టీచర్ ఎ ఇవ్వడానికి ఎంత పిసినారో వాళ్లకి తెలిసే ఉంటుంది. ఇరవై ఏపీలు ఉన్న స్కూల్లో మూడే తీసుకుని అన్నిటికీ ఎ తెచ్చుకున్న పిల్ల ఒక రకంగా కనిపిస్తుంది. మూడే ఏపీలు ఉన్న పల్లెటూరి స్కూల్లో మూడూ తీసుకుని ఒకదాంట్లో బి తెచ్చుకున్న పిల్ల ఇంకో రకంగా కనిపిస్తుంది. రెండో పిల్లకే మొగ్గు ఎక్కువ.

అడ్మిషన్ సభల్లో తల్లిదండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. కష్టమైన ఏపీ తీసుకుని బి తెచ్చుకోవడం మేలా, మామూలు క్లాసులో ఎ తెచ్చుకోవడం మేలా? “ఏపీ తీసుకుని ఎ తెచ్చుకోండి” అంటారు ఆఫీసర్లు, హాలంతా నవ్వుతుంది. నవ్వు పక్కన పెడితే, పెద్ద కాలేజీలు మొదటిదాన్నే ఇష్టపడతాయి. అలాగని ఆరు ఏపీలు నెత్తినేసుకుని నాలుగింట్లో సి తెచ్చుకుంటే కష్టమైన క్లాసులు తీసుకున్నాడని ఎవరూ మెచ్చుకోరు. తన శక్తి ఎంతో తెలియని పిల్లాడు అనుకుంటారు.

తర్వాత చూసేది ఏ సబ్జెక్టు అన్నది. కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేసి కాలిక్యులస్‌లో సి ఉంటే అది గట్టి దెబ్బే. అదే సి స్పానిష్‌లో ఉంటే అంత కాదు. చరిత్ర చదువుతానంటున్న పిల్లకి కెమిస్ట్రీలో బి ఉంటే చాలామంది అక్కడ ఆగను కూడా ఆగరు. మనవాళ్ల చిక్కల్లా ఏమిటంటే చాలామంది పిల్లలు ఆ కంప్యూటర్ సైన్స్ వరసలోనే నిలబడతారు. అక్కడ మార్కుల్లో చిన్న మచ్చ కూడా పెద్దదిగానే కనిపిస్తుంది. పిల్లకి నిజంగా భాషాశాస్త్రమో పర్యావరణమో ఇష్టమైతే ఆ దారిలో వెళ్లనివ్వడం ఎత్తుగడగా కూడా మంచిదే. ఇష్టం లేకుండా దొంగదారిగా వేరే మేజర్ పెట్టి తర్వాత మారదామంటే మాత్రం చాలాచోట్ల ఆ తలుపు మూసేశారు. బర్కిలీ, యూసీఎల్‌ఏ లాంటిచోట్ల బయటి మేజర్‌లో చేరి కంప్యూటర్ సైన్స్‌లోకి రావడం ఇప్పుడు దాదాపు కుదరని పని.

మూడోది ఏ సంవత్సరం అన్నది. మొదట్లో చెప్పిన పక్కవీధి అబ్బాయి సంగతి ఇక్కడ తేలుతుంది. బర్కిలీ లాంటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లు జీపీఏ లెక్కగట్టేటప్పుడు పది, పదకొండు తరగతుల గ్రేడులే తీసుకుంటాయి. చుట్టూ ఉన్న వేసవి సెలవుల్లో చదివిన క్లాసులు కూడా కలుస్తాయి. తొమ్మిదో తరగతి గ్రేడులు కనిపిస్తాయి గానీ లెక్కలోకి రావు. ఇంకో విశేషం, ప్లస్ మైనస్‌లు కూడా ఆ లెక్కలో ఉండవు. ఎ మైనస్ అయినా ఎ కిందే లెక్క, బి ప్లస్ అయినా ఉత్త బి కిందే లెక్క. 89 శాతం దగ్గర ఆగిపోయి ఏడ్చే పిల్లల్ని చూసి జాలిపడాలో, 90 దగ్గర బతికిపోయినవాళ్లని చూసి నవ్వాలో తెలియదు. డి, ఎఫ్ వస్తే ఆ క్లాసు మళ్లీ చదివి కొత్త గ్రేడు వేయించుకోవచ్చు. సి వచ్చినదాన్ని మాత్రం మళ్లీ చదివినా జీపీఏ మారదు. ఏపీ, ఆనర్స్ క్లాసులకి ఇచ్చే అదనపు పాయింటు కూడా ఎనిమిది సెమిస్టర్లకి మించి కలపరు. 2021 నుంచి శాట్ కూడా అక్కర్లేదు, పంపినా చూడరు.

మిగతా కాలేజీలు తొమ్మిదో తరగతిని కూడా చూస్తాయి. అయినా గ్రాఫ్ ఎటు వెళ్తోందన్నది ముఖ్యం. తొమ్మిదిలో బి, సిలు ఉండి పదకొండుకల్లా కష్టమైన క్లాసుల్లో ఎ వస్తుంటే ఆ ఫైలు చదవడానికి బాగుంటుంది. పదకొండులో జారిపోతే ఎందుకు జారిందో చెప్పాల్సి వస్తుంది.

చెప్పడానికి చోటు కూడా ఉంది. చాలా కాలేజీలకి ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో అదనపు సమాచారం అనే భాగం, దాంతోపాటు ఇబ్బందులు, పరిస్థితులు రాసుకోవడానికి ఇంకో భాగం ఉంటాయి. అదనపు సమాచారానికి ఇదివరకు 650 మాటలు ఇచ్చేవారు, 2025-26 నుంచి 300కి తగ్గించారు. మంచి పనే అయింది. 650 మాటలిస్తే పిల్లలు సంజాయిషీని కథలా రాసేవాళ్లు. ఇక్కడ రాయాల్సింది సూటిగా నాలుగు ముక్కలు. పదకొండో తరగతి మొదటి సెమిస్టర్లో నాన్నగారికి సర్జరీ అయింది, మూడు నెలలు తమ్ముణ్ణి నేనే చూసుకున్నాను, రెండు గ్రేడులు తగ్గాయి, రెండో సెమిస్టర్లో మళ్లీ ఎ వచ్చింది. అంతే. టీచర్ని తిట్టకూడదు. ఏమీ జరగనప్పుడు ఏదో జరిగిందని అల్లకూడదు. కౌన్సెలర్ కూడా స్కూల్ తరఫున విడిగా లేఖ పంపుతారు కాబట్టి, ఈ సంగతి ముందే వాళ్లకి చెప్పిపెడితే రెండు చోట్లా ఒకే మాట కనిపిస్తుంది. ఇక్కడే మన ఇళ్లలో చిక్కు వస్తుంది. జబ్బు, ఉద్యోగం పోవడం, డిప్రెషన్ లాంటివి గడప దాటనివ్వం. “స్కూల్లో చెప్పకు” అంటాం. అలా దాచిన కారణం పిల్లకి ఉపయోగపడాల్సిన చోట ఉపయోగపడదు.

ఇప్పుడు న్యాయం సంగతి. మార్కులు తగ్గినా కొందరికి ఎర్ర తివాచీ పరుస్తారు, అందులో దాపరికం ఏమీ లేదు. హార్వర్డ్ కేసు కాగితాలనే తీసుకుని ఆర్థికవేత్తలు ఒక లెక్క తేల్చారు. కోచ్‌లు ఎంచుకున్న ఆటగాళ్లు, పూర్వ విద్యార్థుల పిల్లలు, విరాళాలు ఇచ్చేవాళ్ల లాంటి డీన్ జాబితాలోని పిల్లలు, అధ్యాపకుల, సిబ్బంది పిల్లలు, ఈ నాలుగు గుంపుల్లో పడేవాళ్లు ప్రవేశం పొందిన తెల్లవాళ్లలో 43 శాతం. కోచ్ ఎంచుకున్న ఆటగాళ్లలో అయితే నూటికి ఎనభై అయిదుగురికి పైగా సీటు వచ్చింది. 2023లో హార్వర్డ్ ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం చేసిన అధ్యయనంలో, ఒకే శాట్ స్కోరు ఉన్నా, పై ఒక్క శాతం సంపన్నుల పిల్లలు ఇలాంటి కాలేజీల్లో చేరే అవకాశం మధ్యతరగతి పిల్లల కన్నా రెండింతలకి పైన ఉందని తేలింది. ఈ దారికి ఆశపడే 2019లో బయటపడ్డ కుంభకోణంలో రిక్ సింగర్ అనే ఏజెంటు, ఎప్పుడూ ఆడని పిల్లల్ని ఆటగాళ్లుగా చూపించి యేల్, స్టాన్‌ఫర్డ్, యూఎస్‌సీ లాంటిచోట్ల కోచ్‌లని కొనేశాడు. జైలుకి వెళ్లాడు.

కాబట్టి ఎవరికో తక్కువ గ్రేడులతో పెద్ద కాలేజీ వచ్చిందని విన్నప్పుడు ముందు అడగాల్సింది ఒకటే: ఆ పిల్లాడు ఏ ఆట ఆడతాడు, వాళ్ల నాన్న ఎక్కడ చదివాడు? హెచ్-1 మీద వచ్చి స్థిరపడ్డ మొదటి తరం తెలుగు కుటుంబాల్లో ఈ హక్కులేవీ ఉండవు. ఎంఐటీ, క్యాల్‌టెక్ లాంటివి పూర్వ విద్యార్థుల పిల్లలన్న పక్షపాతం చూపవు, అది కాస్త ఊరట.

ఈ లోటు పూడుస్తామంటూ ప్రైవేట్ కన్సల్టెంట్లు వస్తారు. వేల డాలర్లు తీసుకుని పదిహేనేళ్ల పిల్లతో ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టిస్తారు, ఎవరూ చదవని పత్రికలో రీసెర్చ్ పేపర్ వేయిస్తారు. తగ్గిన మార్కులకి ఇదే మందని చెబుతారు. నాకైతే నమ్మకం లేదు. ఏటా వేల ఫైళ్లు చదివేవాళ్లకి అచ్చు అదే సంస్థ, అదే పేపర్ వరసగా కనిపిస్తూనే ఉంటాయి. మూడేళ్లుగా గుళ్లో చిన్నపిల్లలకి లెక్కలు చెబుతున్న అమ్మాయి, నాన్న పెట్రోల్ బంకులో శని ఆదివారాలు కౌంటర్ దగ్గర కూర్చునే అబ్బాయి ఆ సంగతి మామూలుగా రాస్తే అది ఎంతో మేలు.

టెక్సాస్‌లో ఉన్నవాళ్లు మాత్రం ఇదంతా విని ఇదేదో వేరే దేశం కబురనుకుంటారు. అక్కడ ర్యాంకే చట్టం. 1997లో చేసిన చట్టం ప్రకారం ప్రతి హైస్కూల్లో పై పదిశాతం పిల్లలకి రాష్ట్ర యూనివర్సిటీల్లో చోటు ఖాయం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌కి (యూటీ) అంతమందిని తీసుకునే చోటు లేక ఆ గీతని 6 శాతానికి, 2026లో చేరేవాళ్లకి 5 శాతానికి కుదించారు. ఫ్రిస్కో, కోపెల్, ప్లేనోలలో మనవాళ్ల పిల్లలు ఒకే స్కూల్లో గుంపుగా ఉంటారు కాబట్టి, ఒక్క బి గ్రేడుతో పై 5 శాతం నుంచి పన్నెండులోకి జారిపోవడం అక్కడ మామూలే. గీత దాటినా కోరిన మేజర్ దొరుకుతుందన్న హామీ లేదు. గీత అందనివాళ్లని యూటీ మిగతా ఫైలు చూసి తీసుకుంటుంది గానీ సీట్లు తక్కువ. కొందరికి మొదటి ఏడాది ఆర్లింగ్టన్, శాన్ ఆంటోనియో లాంటి సోదర యూనివర్సిటీల్లో చదివి, 3.2 జీపీఏ నిలబెట్టుకుంటే ఆస్టిన్ లిబరల్ ఆర్ట్స్ కాలేజీలోకి రావచ్చని చెబుతుంది. ఇంజనీరింగ్‌లోకి కాదు. ఈ తేడా తెలియక చేరిపోతే తర్వాత బాధపడాలి.

హైదరాబాద్, విజయవాడల నుంచి నేరుగా అప్లై చేసేవాళ్లకి చిక్కు వేరు. ఇంటర్ కాలేజీలో స్కూల్ ప్రొఫైల్ రాసే కౌన్సెలర్ ఉండడు, లేఖ అడిగితే ప్రిన్సిపాల్ ఆఫీసులో తయారుగా ఉన్న నాలుగు లైన్లకి స్టాంపు వేసి ఇస్తారు. పదో తరగతి మార్కులు బాగుండి ఇంటర్‌లో తగ్గితే ఎందుకు తగ్గాయో చెప్పేవాళ్లు ఉండరు, పిల్లే చెప్పుకోవాలి. పైగా ఆర్థిక సాయం అడిగితే చాలా కాలేజీలు విదేశీ విద్యార్థుల విషయంలో దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని కాదంటాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్ని మాత్రమే డబ్బు సంగతి చూడకుండా నిర్ణయిస్తాయి. కానీ మార్కులు తగ్గినవాళ్లకి అవే అన్నిటికన్నా కష్టం.

ఇక నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ట్రాన్స్‌ఫర్, అంటే ఒక కాలేజీలో మొదలుపెట్టి ఇంకోదానికి మారడం గురించి. మనవాళ్లు దీన్ని నోట చెప్పుకోవడానికే సిగ్గుపడతారు. “అబ్బాయి ఎక్కడ చదువుతున్నాడు?” అంటే “డి ఆంజా” (అక్కడి రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ) అని గొంతు తగ్గించి చెప్పే తండ్రుల్ని బే ఏరియాలో చాలామందిని చూశాను. కానీ కాలిఫోర్నియాలో ఇది పెరటి దారి కాదు. 1960లో రాష్ట్రం ఉన్నత విద్యకి వేసుకున్న ప్రణాళికలోనే ఉన్న రాచబాట. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూసీ క్యాంపస్‌లో మూడో ఏడాదిలో చేరడం ఆ ఏర్పాటులో భాగం. ఇద్దరు కొత్త విద్యార్థులకి ఒక ట్రాన్స్‌ఫర్ విద్యార్థి చొప్పున తీసుకోవాలన్నది యూసీ పెట్టుకున్న లక్ష్యం.

అంకెలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. యూసీఎల్‌ఏకి హైస్కూల్ నుంచి ఏటా లక్షా 45 వేలమందికి పైగా అప్లై చేస్తే వందలో తొమ్మిదిమందికి వస్తుంది. ట్రాన్స్‌ఫర్‌లో దాదాపు నలుగురిలో ఒకరికి వస్తుంది. అన్నిటికన్నా పెద్ద సంగతి, ట్రాన్స్‌ఫర్‌లో హైస్కూల్ గ్రేడులు చూడరు. పదకొండో తరగతిలో పడ్డ ఆ సి అక్కడితో సరి. కమ్యూనిటీ కాలేజీలో తెచ్చుకున్న జీపీఏ, మేజర్‌కి కావలసిన క్లాసులు పూర్తిచేశారా లేదా, ఈ రెండే ముఖ్యం. ఏ క్లాసు ఏ క్యాంపస్‌లో దేనికి సరిపోతుందో చూసుకోవడానికి అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. ఫీజు రాష్ట్రవాసులకి సెమిస్టర్ యూనిట్‌కి 46 డాలర్లు. అరవై యూనిట్లకి 2,760 డాలర్లు. యూసీలో ఒక్క ఏడాది ఫీజే 14 వేల డాలర్లు దాటుతుంది.

హామీ కూడా ఉంది, ట్యాగ్ అంటారు. డేవిస్, ఇర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు ఆరింటిలో ఒకదానికి సెప్టెంబరులో దరఖాస్తు పెట్టి, వాళ్లు చెప్పిన జీపీఏ, క్లాసులు పూర్తిచేస్తే సీటు ఖాయం. ఇర్వైన్ అడిగేది 3.4. బర్కిలీ, యూసీఎల్‌ఏ, శాన్‌డియాగో ఈ హామీలో లేవు, వాటికి మామూలుగా పోటీపడాలి. వర్జీనియాలో కూడా కమ్యూనిటీ కాలేజీల నుంచి యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాకి ఇలాంటి ఒప్పందాలు ఉన్నాయి. ఆష్‌బర్న్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లు నోవా (నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీ)ని ఈ కోణంలో చూడొచ్చు.

లోపాలూ ఉన్నాయి. శాంటా బార్బరా ఇంజనీరింగ్ కాలేజీకి ట్యాగ్ వర్తించదు. బర్కిలీ కంప్యూటర్ సైన్స్ ట్రాన్స్‌ఫర్‌లో కూడా కష్టమే. కమ్యూనిటీ కాలేజీలో చేరి, హాస్టల్ జీవితం లేక, ఇంట్లో ఉంటూ ఉత్సాహం పోయి నాలుగేళ్లు అక్కడే ఉండిపోయేవాళ్లు చాలామంది. కాబట్టి చేరిన మొదటి వారమే ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్‌ని కలిసి రెండేళ్ల క్లాసుల పట్టిక రాయించుకోవాలి. కాలిక్యులస్ ఒక సెమిస్టర్ ఆలస్యమైతే దాని వెనక ఫిజిక్స్, దాని వెనక మిగతావి అన్నీ వెనక్కి జరుగుతాయి, రెండేళ్లు మూడవుతాయి.

గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ల తరబడి ఆగిపోయిన కుటుంబాలకి ఆ మూడో ఏడాది ఇంకా బరువు. హెచ్-4 (హెచ్-1 వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లకి 21 నిండగానే ఆ వీసా చెల్లదు. ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాలి, మారాక రాష్ట్రవాసుల ఫీజు ఉంటుందో ఉండదో ఆ క్యాంపస్ రెసిడెన్సీ ఆఫీసులోనే తేల్చుకోవాలి. కమ్యూనిటీ కాలేజీ ఫారం నింపేముందే పిల్లకి 21 ఏ నెలలో నిండుతుందో, అప్పటికి ఎన్నో సెమిస్టర్లో ఉంటుందో ఒక కాగితం మీద వేసుకుని చూడండి.